మూత మీద పేరు కొట్టించుకున్న ఆ డబ్బా వెనక్కి తెచ్చివ్వండి

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మా చిక్కడపల్లి దుకాణంలో మూడు గదుల స్టీలు డబ్బా కొన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. డబ్బా అడుగున 304 అని, అంటే మంచి రకం స్టీలు అని ముద్ర ఉంది. ఆ స్టీలు 304 కాదు. అమ్మింది నేను కాబట్టి చెప్పాల్సిందీ నేనే.

పోయిన సోమవారం అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్-2కు చదువుతున్న తమ్ముడొకడు వచ్చాడు. పొద్దున్నే రూములో కుక్కర్ పెట్టి, పప్పన్నమో పులిహోరో డబ్బాలో సర్దుకుని సెంట్రల్ లైబ్రరీకి పోయే పిల్లాడు. మెస్సులో పూటకు 90 అవుతోంది, వండుకుంటే 30 లోపే, ఎనిమిది రోజుల్లో డబ్బా ఖరీదు తిరిగొస్తుందని మా గల్లాపెట్టె ముందే లెక్క వేసి 450 ఇచ్చి కొన్నాడు. ఇప్పుడు ఏమీ అనకుండా మూతకున్న రబ్బరు ఊడదీసి గాడి చూపించాడు. ఆవగింజంత గోధుమరంగు చుక్కలు, వరసగా. రుద్దితే వేలికి అంటింది. "ఏందన్నా ఇది, అయస్కాంతం పెట్టి చూపించినవ్ గదా" అన్నాడు.

చూపించాను. ఇరవై రెండేళ్లుగా అందరికీ అలాగే చూపిస్తున్నాను. అంటుకోకపోతే మంచి స్టీలు అని మా నాన్న చెప్పింది నమ్మాను. అది తప్పు. 304లో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ సుమారు 8 శాతం ఉంటాయి. నికెల్ ఖరీదు ఎక్కువని 202 రకంలో దాన్ని తగ్గించి మాంగనీసు కలుపుతారు. అదీ అయస్కాంతానికి అంటుకోదు, అంతే మెరుస్తుంది. పైగా అసలైన 304 కూడా నొక్కి మలిచిన మూలల దగ్గర కాస్త అంటుకోవచ్చు. ఉప్పు, పులుపు తడిగా నిలిచిపోయే చోట, అంటే రబ్బరు కింద, ఈ తక్కువరకం సంగతి బయటపడుతుంది. పాత ఇనుము వ్యాపారుల దగ్గర ఒక చుక్కమందు ఉంటుంది. చుక్క వేసి 9 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే మాంగనీసు ఎక్కువున్న స్టీలు మీద ఎర్రబడుతుంది. తెప్పించి దుకాణంలో మిగిలిన 31 డబ్బాలూ చూశాను. అన్నీ ఎర్రబడ్డాయి.

బేగంబజార్‌లో పదిహేనేళ్లుగా ఒకే హోల్‌సేల్ ఆయన దగ్గర సరుకు ఎత్తుతున్నాను. ఆయన కూతురి పెళ్లికి సామాన్లు సర్దడానికి కూడా వెళ్లినవాణ్ని. డబ్బా పట్టుకెళ్లి ఆయన ముందే చుక్క వేసి చూపిస్తే, ముద్ర కంపెనీవాళ్లు వేసింది, నాకేం సంబంధం అన్నాడు. బిల్లు తీశాను. అందులో "స్టీలు డబ్బా, 3 గదులు" అని మాత్రమే ఉంది. రకం రాయమని ఏనాడూ అడగలేదు, అది నా తప్పే. అమ్ముడుపోని 31 తీసుకుంటానన్నాడు. అమ్మిన 240 గురించి అడిగితే "నామ్ కొట్టిన మాల్ వాపస్ లేదు భాయ్, అది తుక్కే" అన్నాడు. ఆ 240లో దాదాపు 190 మూతల మీద పేర్లు కొట్టింది నేనే. మిషన్ పట్టుకుని ఒక్కో అక్షరం, పైసా తీసుకోకుండా. వాటిని తుక్కు అన్న మాట ఇంకా మింగుడుపడటం లేదు.

తర్వాత మూడు రాత్రులు నిద్ర లేదు. 240 డబ్బాలంటే 1,08,000 రూపాయలు. అది ధన్‌తేరస్ సరుకుకు దాచిన డబ్బు. అడిగినవాళ్లకే మార్చిద్దాం, అందరికీ చాటింపు ఎందుకు అన్నాడు మా అబ్బాయి. వాడిది చెడ్డ ఆలోచన కాదు, ఇంటి లెక్క తెలిసినవాడు. నేనూ ఒక రాత్రంతా అదే సరైనదనుకున్నాను. కానీ రబ్బరు ఊడదీసి చూసేవాళ్లు ఎందరు? మిగతావాళ్లు అందులోనే తింటూ ఉంటారు, మూత మీద నేను కొట్టిన పేరుతో. ఆ తమ్ముడి మూత మీద ఇంటిపేరు పట్టక రెండోసారి దిద్దడం కూడా నాకు గుర్తుంది. మా ఆవిడ "సరుకు తగ్గించుకుందాం, పిలువు" అంది. పిలుస్తున్నాను.

డబ్బా తెచ్చి 450 తీసుకెళ్లండి, లేదా కొత్తది తీసుకోండి. బిల్లు అక్కర్లేదు. పేరు లేని డబ్బా అయినా ఫరవాలేదు. మచ్చలు కనిపిస్తే అందులో తినడం ఈ రోజే ఆపేయండి. మచ్చలు లేకపోయినా వెనక్కి ఇచ్చేదాకా పులిహోర, పచ్చడి, పెరుగన్నం పెట్టకండి. చపాతీ, వేపుడు లాంటి పొడివే పెట్టుకోండి.

కొత్త సరుకు వేరే చోటి నుంచి వచ్చే వారం వస్తుంది. బిల్లు మీద 304 అని రాయించాను. స్టీలు పాత్రలకు ఐఎస్ఐ గుర్తు ఉండాలని కేంద్రం 2024లో ఉత్తర్వు ఇచ్చింది, ప్రమాణం నంబరు ఐఎస్ 14756. ఆ గుర్తు చూసే తీసుకున్నాను. ధర 520, తగ్గించలేను. మార్చుకునేవాళ్లు మాత్రం తేడా ఇవ్వక్కర్లేదు. అడిగితే ఏ డబ్బా మీదైనా మీ ముందే చుక్క వేస్తాను. పాత హోల్‌సేల్ ఆయన నిన్న ఫోన్ చేసి, ఈసారి ధర బాగా తగ్గిస్తానన్నాడు. వద్దన్నాను. ఇక ఆ మెట్లు ఎక్కను.

పేర్లు మళ్లీ నేనే కొట్టి ఇస్తాను, ఎప్పటిలాగే ఊరికే. పరీక్ష అయిపోయి రూము ఖాళీ చేసి ఊరెళ్లిన పిల్లలుంటే, ఇక్కడున్న రూమ్మేటు చేత డబ్బా పంపించినా చాలు, డబ్బు ఫోన్లో వేస్తాను.