ప్లాటు సంగతి, పిల్లగాని ఆట సంగతి

కాజీపేట,
సద్దుల బతుకమ్మ అయిన వారానికి.

చిరంజీవి బిడ్డకు బాపు ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం మంచిగున్నం. మోకాళ్ళు నొస్తున్నయి, వద్దే అంటే మీ అమ్మ వినలే. సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కాడ గంటన్నర ఆడి వచ్చి రెండు రోజులు మంచం దిగలే. నువ్వు ఫోన్ల అడిగితే చెప్పదు గనక నేను చెప్తున్న.

ఫోను ఉండంగ ఉత్తరమేంది అనుకుంటవు. ఫోన్ల నువ్వు మాట్లాడుతవు, నేను ఊ కొడుత. మొన్న ఆదివారం గూడ గట్లనే అయింది. మడికొండ ప్లాటు అమ్ముదామన్నవు, ఆ పైసలతోని నా మనుమన్ని, మన చిన్నోన్ని, మంచు మీద ఆడే హాకీ అకాడమీల చేర్పిస్తనన్నవు, నేను ఊ అన్న. ఆ ఊ ఒప్పుకున్న ఊ గాదు బిడ్డా, వింటున్న ఊ. అందుకే రాస్తున్న, నడుమ నువ్వు అందుకోకుంట.

కోచ్ వాన్ని మొదటి లైన్ల నుంచి తీసి మూడో లైన్ల నడుమ జాగ సెంటర్‌ల పెట్టిండని, కుడి పక్క రైట్ వింగ్‌ల ఉన్నప్పుడు వారానికో గోలు కొట్టేటోడు ఇప్పుడు నెల రోజులకు ఒక్కటి గూడ కొడ్తలేడని నీ బాధ. "వెనుకబడుతున్నడు బాపూ" అన్నవు. ఆ మాట వింటే నాకు నీ టెన్త్ లెక్కల మార్కులు యాదికొచ్చినయి. అప్పుడు ఆ మాట అన్నది నేను.

నీకు తెల్వదు గని, నేను రెండేండ్ల సంది మీ హాకీ చూస్తున్న. మీ కెనడా కాల్గరీల రాత్రి ఏడింటికి ఆటంటే చలికాలంల ఇక్కడ పొద్దుగాల ఏడున్నర. ఇప్పుడింకా మీరు గడియారం వెనుకకు తిప్పలే గనక ఆరున్నరకే వస్తుంది. చాయ్ తాగుడు, ఫోన్ల ఆట చూసుడు. మొదట్ల ఏం సమజ్ గాలే. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం రబ్బరు బిళ్ళ, అది యాడ ఉన్నదో కంటికి ఆనదు. నెల అయినంక బిళ్ళను ఇడిచిపెట్టి మనుషులను చూసుడు మొదలువెట్టిన. 32 ఏండ్లు గూడ్స్ బండి వెనుక బ్రేక్‌వ్యాన్‌ల గార్డుగ కూసున్నోన్ని. ఇంజన్ కనపడకున్నా బండి ఎట్ల పోతున్నదో ఎరుకైతది నాకు. గట్ల చూసినంక ఆట అర్థమైంది.

ఒక జట్టుకు 12 మంది ఫార్వర్డులు, ముగ్గురు ముగ్గురు చొప్పున నాలుగు లైన్లు. ఒక్క లైను మంచు మీద ఉండేది ముప్పావు నిమిషం. దిగుతరు, ఉరుకుతరు, ఊపిరి ఆడక వచ్చి బెంచి మీద పడుతరు. పేర్లు పేపర్ల వచ్చేది మొదటి రెండు లైన్లవి. మరి మూడు, నాలుగు లైన్లోళ్ళు ఏం చేస్తరంటే, ఎదుటి జట్టు మంచి ఆటగాళ్ళను ఆడనియ్యరు. రెఫరీ ఇద్దరి నడుమ బిళ్ళ వేసినప్పుడు దాన్ని ముందుగాల అందుకునే పోటీ, అదే ఫేస్‌ఆఫ్, గెలుస్తరు. మనోడొకడు తప్పు చేసి రెండు నిమిషాలు ఆట బయట పెనాల్టీ పెట్టెల కూసుంటే, తక్కువ మందితోని గోలు పడకుంట కాపాడుతరు. ఇంటికి పోయినంక వాళ్ళ పేరు ఎవ్వరికీ యాదుండదు. నాకైతే వాళ్ళే నచ్చుతరు. వెనుక డబ్బా మనిషిని గద, పక్షపాతం అనుకో.

మానీ మల్హోత్రా అని ఒకాయన ఉన్నడు. తండ్రి మన దేశం నుంచి పోయినాయన, తల్లి కెనడా ఫ్రెంచామె. 1998ల, కొత్త పిల్లగాండ్లను జట్లు వరుసగ ఎంచుకునే డ్రాఫ్ట్‌ల, న్యూయార్క్ రేంజర్స్ జట్టు వాళ్ళు ఏడో నంబరుగ తీసుకున్నరు. అంత ముందుగాల తీసుకున్నోని మీద ఎవరికైనా గోల్స్ ఆశ ఉంటది. ఆయన అన్నిటికన్న పెద్ద లీగ్ ఎన్.హెచ్.ఎల్.ల 991 ఆటలు ఆడి 116 గోల్స్ కొట్టిండు. లెక్కగట్టు, ఎనిమిది తొమ్మిది ఆటలకు ఒక్కటి. అయినా ఇన్నేండ్లు ఎందుకు ఉంచుకున్నరు? ఫేస్‌ఆఫ్ గెలుస్తడని, గోలు పడకుంట ఆపుతడని. 2011 మార్చిల బిళ్ళ వచ్చి ఎడమ కంటికి తగిలింది. ఆపరేషన్లయినయి, అయినా అదే ఏడాది జూన్ల ఆ లీగ్ కప్పు, స్టాన్లీ కప్పు, ఫైనల్‌కు వచ్చి ఆడిండు. 2013ల ఆయన జట్టే, ఈ కన్నుతోని ఆడుడు ప్రమాదమని పక్కన కూసోవెట్టింది. ఆయన మానలే. కింది లీగ్‌ల షార్లెట్ జట్టుకు పోయి, అక్కడినుంచి మళ్ళ కరోలినాల పైకి ఎక్కిండు. తర్వాత అదే కింది లీగ్‌ల అబాట్స్‌ఫర్డ్ జట్టుకు కోచై, 2025 జూన్ల ఆ లీగ్ కప్పు, కాల్డర్ కప్పు, గెలిపించిండు.

మన చిన్నోడు ఆడుతున్నది గా సెంటర్ జాగలనే. కోచ్ శిక్ష వేసిండని నువ్వనుకుంటున్నవు. నాకట్ల కనపడలే. నువ్వు పంపిన వీడియో మూడు మాట్ల చూసి, డ్యూటీల రాసుకునే పాత రఫ్ బుక్కుల గీతలు పెట్టిన. 14 ఫేస్‌ఆఫ్‌లు, 9 మనోనివి. నువ్వు ఎనుక నుంచి "షూట్, షూట్" అని అరుసుడు గూడ మంచిగ వినవడ్డది. వాడు కొట్టకుంట పక్కోనికి ఇచ్చిండు, ఆ పక్కోడు గోలు కొట్టిండు. నువ్వు అప్పుడు సప్పుడు చెయ్యలే.

ఇంకో సంగతి. వాడు నవంబర్‌ల పుట్టిండు. అక్కడ పిల్లల జట్లు కట్టేటప్పుడు జనవరి నుంచి డిసెంబర్ దాక పుట్టినోళ్ళను ఒక్క గుంపుల వేస్తరు. అంటే జనవరి పిల్లగాడు మనోని కంటే పది నెలలు పెద్ద. పన్నెండేండ్ల వయసుల పది నెలలంటే ఎత్తుల తేడా కనపడుతది. పెద్దగున్నోడు గెలుస్తడు, గెలిచినోన్ని కోచ్ ఎక్కువ ఆడిపిస్తడు, ఎక్కువ ఆడినోడు ఇంకా నేర్చుకుంటడు. ఇది హాకీల అందరికీ తెలిసిన లెక్కే. వచ్చే ఏడాది పై స్థాయి జట్లల ఒంటితోని ఢీకొట్టుడు గూడ షురూ అయితది. ఆ ఏడాది వాడు ఇంకింత చిన్నగ కనపడుతడు. అప్పుడు నువ్వు గాబర పడొద్దని ముందే చెప్తున్న.

చిన్నగుంటే ఏమైతదో మీ కాల్గరీ వాళ్ళను అడుగు. మార్టిన్ సెయింట్ లూయిస్ అనేటాయన ఐదడుగుల ఎనిమిదంగుళాలు, అంటే మీ చిన్న మేనమామ అంత. వెర్మాంట్ యూనివర్సిటీల నాలుగేండ్లు ఆడిండు, డ్రాఫ్ట్‌ల ఎవ్వరూ తీసుకోలే. మీ ఊరి జట్టు ఫ్లేమ్స్ వాళ్ళు రమ్మన్నరు. రెండు సీజన్లల కింద మీద చేసి 69 ఆటలు ఆడిపిచ్చిండ్రు, నాలుగు గోల్స్ కొట్టిండు. 2000ల వద్దని ఇడిచిపెట్టిండ్రు. టాంపా వాళ్ళు తీసుకున్నరు. నాలుగేండ్లకు, 2004ల, ఆ సీజన్‌ల లీగ్ మొత్తంల ఎక్కువ పాయింట్లు (గోలు కొట్టినా, పక్కోనితోని కొట్టిపిచ్చినా వచ్చేటివి) ఆయనవే. స్టాన్లీ కప్పు ఫైనల్ల ఎవరి మీద ఆడిండనుకున్నవు? మీ ఫ్లేమ్స్ మీదనే. ఆరో ఆట కాల్గరీల, గెలిస్తే కప్పు ఫ్లేమ్స్‌కే. రెండో ఓవర్‌టైమ్ మొదలైన 33 సెకండ్లకు గోలు కొట్టి ఊరంతా సప్పుడు లేకుంట చేసిండు. ఏడో ఆట టాంపాల వాళ్ళే గెలిచిండ్రు. అల్లునికి ఇది చెప్పు, ఫ్లేమ్స్ టోపీ పెట్టుకొని తిరుగుతడు గద.

గిట్ల రాస్తున్ననని వాడు గూడ అంతటోడైతడని నేను అంటలేను. ఏటా డ్రాఫ్ట్‌ల తీసుకునేది 32 జట్లు ఏడు రౌండ్లు, 224 మంది. ప్రపంచం మొత్తం మీద. అందుల మస్తు మంది ఎన్.హెచ్.ఎల్.ల ఒక్క ఆట గూడ ఆడరు. మనోళ్ళ సంతతిల మొదటాయన రాబిన్ బావా. 1989ల ఎక్కిండు, నాలుగు జట్లు మారి మొత్తం 61 ఆటలు.

నువ్వు దీన్ని ఎంసెట్ లెక్క చూస్తున్నవు బిడ్డా. మంచి కోచింగు, మంచి ర్యాంకు, ఇగ బేఫికర్. హాకీల ర్యాంకు ఒక్కనాడు వచ్చి ఉండిపోదు. ప్రతి సెప్టెంబర్‌ల క్యాంపు, ప్రతి క్యాంపుల మళ్ళ మొదటి నుంచి. రైల్వేల మేము అసిస్టెంట్ నుంచి గూడ్సు, గూడ్సు నుంచి ప్యాసింజరు, మెయిలు అని ఎక్కేది. ఆలస్యమైతదేమో గని దిగుడు ఉండకపోయేది. వీళ్ళకు దిగుడే ఎక్కువ. మస్తు మంది అగ్రిమెంట్లనే రెండు జీతాలు రాసుంటయి, పై లీగ్‌ల ఉంటే ఒకటి, కింది లీగ్‌ల ఉంటే ఒకటి. మా స్పేర్ గార్డుల లెక్క. పైన ఎవనికన్న దెబ్బ తగిలితే కాల్ వస్తది, బ్యాగు పట్టుకొని పోవాలె. వాడు బాగైతే వీడు మళ్ళ కిందికి. కొన్నేండ్లు ఆడినోన్ని దించాలంటే ముందు అన్ని జట్లకు చెప్పి 24 గంటలు ఆగుతరు. ఎవరన్న కావాలంటే ఆ ఊరికి పోవుడే, పెండ్లాం పిల్లలు ఎనుక సామాను సర్దుకొని రావుడే. మీ ఊర్లనైతే పై జట్టు, కింది జట్టు ఒక్క బిల్డింగులనే ఆడుతయి. ఒక్క తలుపు నుంచి ఇంకో తలుపుకు పోనీకి కొందరికి ఐదేండ్లు, కొందరికి జీవితం.

ఇగ అసలు నేను రాయాలనుకున్నది.

వాడు మంచిగనే ఆడిండనుకో. పదిహేనేండ్లు నిండే ఏడాది, అంటే ఇంక మూడేండ్లకు, వెస్టర్న్ లీగ్ అనే కుర్రోళ్ళ లీగ్ జట్లు పిల్లగాండ్లను ఎంచుకుంటయి. పదహారుకు ఇల్లు ఇడిచి పోవాలె. రెడ్ డీర్ అయితే కారుల గంటన్నర, అదృష్టం మంచిగ లేకుంటే ఇంకో రాష్ట్రం. అక్కడ బిల్లెట్ ఇల్లని ఉంటది, ఎవరో దంపతులు వాళ్ళ ఇంట్ల ఒక అర్ర ఇచ్చి, వండిపెట్టి, బడికి తోలుతరు. జట్టు వాళ్ళకు కొంత ఇస్తది. ఆట బట్టలు, కట్టెలు జట్టువే. ఒక సీజన్ ఆడితే ఒక ఏడాది కాలేజీ ఫీజు వాళ్ళే కడుతరు. ముందట ఆ లీగ్‌ల ఆడినోనికి అమెరికా కాలేజీ ఆట బందుండె, 2025 ఆగస్టు నుంచి ఆ అడ్డు గూడ తీసేసిండ్రు. అంటే వాడు అంతటోడైన నాడు ఖర్చు వాళ్ళది, నీది గాదు. కానోనికి ప్లాటు అమ్మి కట్టినా కాడు. నువ్వు చెప్పిన అర్ష్‌దీప్ బైన్స్ గూడ గా రెడ్ డీర్‌ల ఉండి ఆడిన పిల్లగాడే. డ్రాఫ్ట్‌ల ఎవ్వరూ తీసుకోలే, ఇరవై ఒక్క ఏట 112 పాయింట్లతోని లీగ్ మొత్తంల ముందు నిలిచిండు, ఆ సీజన్‌లనే ఎన్.హెచ్.ఎల్. జట్టు వాంకూవర్ పిలిచింది.

ఆ బిల్లెట్ ఇంటి సంగతి చదివిన నాడు నాకు నిద్ర పట్టలే. పదిహేనేండ్లకు నిన్ను హైదరాబాద్ హాస్టల్‌ల ఏసి వచ్చిన గద. ఒక్క అర్రల పన్నెండు మంది. ఆదివారం పది నిమిషాలు ఫోను, ఎనుక లైన్ల నిలబడ్డోళ్ళు తొందర పెడ్తుంటే. నేను రెస్టు దొరికినప్పుడు గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌కు వస్తే గేటు కాడ అరగంట కూసుండనిచ్చేటోళ్ళు. "బాపూ, తీస్కపో, హన్మకొండల చదువుకుంట" అన్నవు ఒకసారి. రెండేండ్లే బిడ్డా, గట్టిగ పట్టు అని చెప్పి సాయంత్రం బండికి వచ్చేసిన. బ్రేక్‌వ్యాన్‌ల గాదు, ప్యాసింజరు లెక్క సీట్ల కూసుండి వచ్చిన, కాజీపేట వచ్చింది గూడ తెల్వలే. పక్కాయన లేపిండు.

ర్యాంకు వచ్చింది, కొలువు వచ్చింది, కెనడా వచ్చింది. నువ్వు నష్టపోయినవని అంటలేను. గని హాస్టల్‌కు పోకముందు వాడల బతుకమ్మ పాట నువ్వే ఎత్తుకునేదానివి, మిగతోళ్ళు అందుకునేది. ఇంటర్ అయి వచ్చిన ఏడాది గుంపుల ఎనుక నిలబడి చప్పట్లు కొట్టినవు. మీ అమ్మ నాతోని ఏమన్లే. మొన్న సద్దుల నాడు ఆటోల వచ్చేటప్పుడు అన్నది, ఇన్నేండ్లకు.

అకాడమీ అంటే నాకు ఆ హాస్టల్ గేటే కనపడుతుంది. పగలు ఆట, నడుమ చదువు, సాయంత్రం మళ్ళ ఆట, పన్నెండు నెలలు ఒక్కటే పని. వానికి ఇప్పుడు వారానికి మూడు దినాలు ఆట. మిగతా దినాలు సైకిలు, బొమ్మలు గీసుడు, ఫోన్ల నాతోని ముచ్చట. అవి ఉండనియ్యి. పదహారుకు వాడే బ్యాగు సర్దుకొని పోతనంటే, బిల్లెట్ ఇంటికి నేను గూడ వచ్చి ఆ తల్లికి దండం పెట్టి వస్త. పదమూడుకు మాత్రం నువ్వు పంపకు.

ప్లాటు అమ్మను. 200 గజాలు, నువ్వు ఏడో తరగతిల ఉన్నప్పుడు ప్రావిడెంట్ ఫండు లోను తీసి కొన్నది. కాయిదం మీద పేరు నీదే, అమ్మాలంటే సంతకం నీదే, నువ్వు వచ్చి అమ్ముకుంటనంటే ఆపే హక్కు నాకు లేదు. అయినా అమ్మను అని రాస్తున్న, ఎందుకంటే నువ్వు అడిగినవు. వానికి పద్దెనిమిదేండ్లు వచ్చి యూనివర్సిటీ ఫీజుకు కావాలె అంటే ఆ నాడు నేనే బేరం చూస్త. ఇప్పుడు కొత్త స్కేట్లకు, మంచి కట్టెకు నా పింఛన్ నుంచి పంపుత. ధర ఎంతో అల్లుడు రాయమను, నీకైతే తక్కువ చేసి చెప్పుడు అలవాటు.

చపాట మిర్చి కారం, మీ అమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు పార్సిల్ చేసిన. తొక్కు సీసాకు రెండు కవర్లు కట్టిన, అయినా నిలువుగనే పెట్టుకో.

శనివారం ఆట వీడియో పంపు. ఈసారి బిళ్ళ ఎనుక ఫోను తిప్పకు, వాని మీదనే పెట్టు. బెంచి మీద కూసున్నప్పుడు గూడ తియ్యి. ఫేస్‌ఆఫ్‌లు నేను రాసుకుంట, రఫ్ బుక్కుల ఇంకా సగం పేజీలున్నయి.

ఇట్లు,
బాపు