పరిష్కారం కాని ఫిర్యాదును పరిష్కరించినట్టు మూసివేసిన మీ సేవా విభాగం గురించి

గౌరవనీయులైన వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: బెంచ్ పవర్ సప్లై మరమ్మతు చేయకుండానే నా ఫిర్యాదును మూసివేయడం.

ఆర్యా,

మీ సంస్థ తయారుచేసిన, బల్ల మీద పెట్టుకుని కావలసిన వోల్టేజి తీసుకునే బెంచ్ పవర్ సప్లైని హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో మీ అధీకృత డీలరు వద్ద కొని, హనుమకొండలోని మా ఇంటికి తెచ్చుకున్నాను. అది పాడైంది. ప్రభుత్వ పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో పాడైన పరికరాల మధ్యనే ఉద్యోగమంతా గడిపినదాన్ని కనుక, పాడవడం ఒక్కటే అయితే నేను మీకు ఉత్తరం రాసేదాన్ని కాదు. దాని మోడలు, సామర్థ్యం వగైరాలు బిల్లులో ఉన్నాయి. వాటిని ఇక్కడ ఏకరువు పెట్టను. పాడైందని చెబుతున్న మనిషి మాట వినే ఓపిక మీ సంస్థలో ఎవరికీ లేకపోవడం, పైగా నా సమస్య తీరిపోయిందని మీరే నాకు కబురు పంపడం ఈ లేఖకు కారణం.

పదవీ విరమణ తరువాత ఇంటి వెనుక గదిలో ఒక చిన్న వర్క్‌షాపు అమర్చుకున్నాను. వెలుతురు కోసం కిటికీ పక్కన బల్ల, దాని మీద ఎర్తుకు కలిపిన యాంటీస్టాటిక్ మ్యాట్, లోపల ఒక మెగోమ్ రెసిస్టరు ఉన్న చేతిపట్టీ, సోల్డరింగ్ స్టేషను, ఫ్లక్స్ పొగను బయటికి లాగే ఫ్యాను, ల్యాబు వేలంలో కొన్న, విద్యుత్ తరంగాలను తెర మీద చూపే పాత సీఆర్‌ఓ, కరెంటుతో నేరుగా నడిచే సెట్లను పరీక్షించడానికి గోడకు వంద వాట్ల బల్బుతో సిరీస్ లైను, అన్నీ కుదిరాయి. వీటన్నిటి మధ్య ఉండవలసింది పవర్ సప్లై. మరమ్మతుకు వచ్చిన బోర్డుకు మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు పరిమితిని కొన్ని మిల్లీయాంపుల దగ్గర బిగించి ఉంచితే, లోపల షార్టు ఉన్నా మిగిలిన విడిభాగాలు కాలిపోకుండా బతుకుతాయి. అది లేకుండా బోర్డు మీద చేయి వేయకూడదని ఏటా మొదటి ల్యాబు రోజునే పిల్లలకు చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ పనే ఆగిపోయి, పక్కింటివారి ఇన్వర్టరు బోర్డు మొదలుకొని మా వీధి పిల్లల ప్రాజెక్టు కిట్ల దాకా అన్నీ ఒక డబ్బాలో పడి ఉన్నాయి.

ఇక మీ సేవల సంగతి. మీ టోల్‌ఫ్రీ నంబరులో తెలుగు కోసం నొక్కమన్న అంకెనే నొక్కాను. చాలాసేపు సంగీతం వినిపించిన తరువాత హిందీలో మాట్లాడే ఒక యువకుడు వచ్చి, పవర్ సప్లై అనగానే మొబైల్ చార్జరా అని అడిగాడు. కాదు, ప్రయోగశాలలో వాడేదని వివరించాను. అతడు కాసేపు ఆలోచించి, "మేడమ్, ఇంట్లో సార్ ఉంటే ఫోన్ ఇస్తారా?" అన్నాడు. మావారు చరిత్ర అధ్యాపకులు. ఇంట్లో ఫ్యూజు పోయినా నన్నే పిలుస్తారు. ఆయనకు ఫోను ఇచ్చి ఉంటే కాకతీయుల మీద మంచి ఉపన్యాసం విని ఉండేవాడు, మీ పరికరం గురించి మాత్రం ఒక్క ముక్క తెలిసి ఉండేది కాదు. తరువాత మాట్లాడిన అమ్మాయి మర్యాదస్తురాలే. ఆఫ్ చేసి, అరగంట ఆగి, మళ్లీ ఆన్ చేయమని చెప్పింది. చేశానన్నాను. మళ్లీ చేయమంది. లోడు పెట్టగానే, అంటే కరెంటు తీసుకునే బల్బులాంటిది తగిలించగానే, వోల్టేజి పడిపోతోందని నేనెన్నిసార్లు చెప్పినా, ఆమె ఎదుట ఉన్న తెరలో "లోడు" అనే మాట లేనందువల్ల కాబోలు, "లైటు వెలుగుతోందా మేడమ్?" అనే ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. లైటు వెలుగుతోంది. ఆ లైటు వెలగడమే మీ సంస్థలో ఆరోగ్యానికి చిహ్నమని తరువాత అర్థమైంది.

డీలరును అడిగితే అమ్మడం వరకే మా పని, కంపెనీతో మాట్లాడండి అన్నారు. కంపెనీవారు డీలరు ద్వారా రండి అన్నారు. ఈమెయిలు పంపితే, నా అభిప్రాయం మీకెంతో అమూల్యమని నిమిషంలో జవాబు వచ్చింది. ఆ అమూల్యమైన అభిప్రాయాన్ని ఎవరైనా చదివిన దాఖలా మాత్రం ఈనాటికీ లేదు.

చివరకు ఒక సర్వీస్ ఇంజనీరును పంపారు. అతని సంచిలో స్క్రూడ్రైవరు, రసీదు పుస్తకం ఉన్నాయి, మల్టీమీటరు లేదు. వోల్టేజి ఇచ్చే పరికరాన్ని పరీక్షించడానికి మీటరు లేకుండా వచ్చిన ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను; ఇచ్చి పంపవలసింది మీరు. నా మీటరే ఇచ్చాను. ఏ లోడూ తగిలించకుండా టెర్మినళ్ల దగ్గర కొలిచి, "పన్నెండు వోల్టులు సరిగ్గా వస్తోంది మేడమ్" అన్నాడు. లోడు లేనప్పుడు వస్తుందనే నేనూ చెబుతున్నాను. కారు ఇండికేటరుకు వాడే 21 వాట్ల బల్బు నా దగ్గర సిద్ధంగా ఉంది. పన్నెండు వోల్టుల మీద సుమారు ఒకటిముప్పావు ఆంపియరు తీసుకుంటుంది, మీ పరికరం మోయగలనని చెప్పుకున్న దానిలో అది సగం కూడా కాదు. అది తగిలించి చూడు బాబూ అన్నాను. "మాకిచ్చిన చెక్‌లిస్టులో బల్బు లేదు మేడమ్" అని వినయంగా చెప్పి, నేనే బల్బు తగిలించి అంకెలు పడిపోవడం చూపిస్తే చూసి కూడా, రసీదులో "లోపం కనబడలేదు" అని రాశాడు. వచ్చి వెళ్లినట్టు నమోదు కోసమని నా ఫోనుకు వచ్చిన ఓటీపీ తీసుకున్నాడు. అతడు వీధి మలుపు తిరిగే లోపే "మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు ఐదు నక్షత్రాలు ఇవ్వండి" అని సందేశం వచ్చింది. తలుపు కొట్టినవాడికి తలుపు తీయకుండానే, విందు ఎలా ఉందని అడిగినట్టుంది మీ పద్ధతి.

ట్రాన్స్‌ఫార్మరుతో బరువెక్కిన ఆ పెట్టెను నేనే బస్సులో ఉప్పల్ దాకా తెచ్చి, అక్కడి నుంచి ఆటోలో మీ సర్వీస్ సెంటరుకు మోసుకొచ్చాను. కౌంటరు దగ్గర కూర్చున్న పెద్దమనిషి పెట్టె వైపు తల కూడా తిప్పకుండా, ఫిర్యాదు మూసి ఉంది కనుక తీసుకోవడం కుదరదన్నారు. కొత్త ఫిర్యాదు నమోదు చేయమంటే, ఇంటికి ఇంజనీరు వచ్చి లోపం ఉందని రాసిస్తేనే చేస్తామన్నారు. ఇంజనీరును పంపమంటే, అందుకు ముందుగా ఫిర్యాదు తెరిచి ఉండాలన్నారు. ఈ వలయాన్ని గీసినవారెవరో గానీ, ఫీడ్‌బ్యాక్ సర్క్యూట్ల గురించి నాకన్నా బాగా తెలిసినవారే. బల్బు నా చేతిసంచిలోనే ఉంది, ఒక్క నిమిషం ప్లగ్ పెట్టనివ్వండి అని అడిగాను. కస్టమర్లకు ప్లగ్ పాయింటు ఇవ్వకూడదని నియమమట. పెట్టెతో పాటు హనుమకొండకు తిరిగి వచ్చాను.

మీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. మా ల్యాబుకు పరికరాల ఇండెంటు రాయవలసి వచ్చిన ప్రతిసారీ మీ పేరు సిఫారసు చేసినది నేనే. తక్కువ ధరకు ఇచ్చేవారు ఉన్నప్పటికీ, మీ సిగ్నల్ జనరేటర్లు ఏళ్ల తరబడి పిల్లల చేతుల్లో నలిగి కూడా నిలబడ్డాయని కొనుగోలు కమిటీ ముందు వాదించాను. ఆ రోజుల్లో మీ ప్రతినిధి నేరుగా ల్యాబుకే వచ్చి, మూత విప్పి, సర్క్యూట్ పటం బల్ల మీద పరిచి, చెడిన ట్రాన్సిస్టరును వేలితో చూపించేవారు. ఇప్పుడు సర్క్యూట్ పటం అడిగితే అది సంస్థ రహస్యం అంటున్నారు. నా దగ్గర చదువుకున్నవారిలో కొందరు ఇప్పుడు పరిశ్రమల్లో పరికరాలు కొనే స్థానాల్లో ఉన్నారు, ఏది కొనాలని నన్ను అడుగుతూనే ఉంటారు. ఇకమీదట వారికి ఏం చెప్పాలో మీరే నిర్ణయించండి.

డబ్బు వాపసు కావాలా, కొత్త పరికరం కావాలా అని ఇంతవరకు నన్ను అడిగినవారు లేరు కనుక, అడిగినప్పుడు చెబుతాను. అంతకన్నా ముందు, ఆ ఫిర్యాదు పరిష్కారం కాలేదని, మీ రికార్డులో రాసినది నిజం కాదని, పేరూ హోదా ఉన్న ఒక మనిషి సంతకంతో నాకు ఉత్తరం రావాలి. మీరు సతాయించిన కాలమంతా వారంటీలో నుంచి కరిగిపోయింది; దానిని కలిపి పొడిగించాలి. చెక్‌లిస్టులో ఒక బల్బును కూడా చేర్చగలిగితే నా తరువాత వచ్చేవారికి మేలు చేసినవారవుతారు.

ఈ లేఖ అందిన 15 రోజులలోగా ఆ ఉత్తరం రాకపోతే, 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళతాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నేను నివసించే చోటనే ఫిర్యాదు వేయవచ్చు, కనుక ఈసారి ప్రయాణం చేయవలసినవారు మీరు. వస్తువు విలువ ఐదు లక్షల లోపు ఉంటే రుసుము కూడా లేదు. పరీక్షిస్తే తప్ప లోపం తేలదనుకుంటే కమిషను ఆ వస్తువును ప్రయోగశాలకు పంపుతుంది. 45 రోజుల్లో నివేదిక ఇవ్వమంటుంది. ఆ ప్రయోగశాలవారు లోడు పెట్టి చూస్తారు. వారికి చెక్‌లిస్టు మీరు రాసివ్వరు.

ఇకపై ఫోను చేసేవారు నేరుగా నాతోనే మాట్లాడాలి. ఓటీపీ అడగవలసిన పని ఉంటే అసలు ఫోను చేయవద్దు.

ఇట్లు,
మీ సంస్థ పాత వినియోగదారు,
హనుమకొండ

జత: బిల్లు నకలు, "లోపం కనబడలేదు" అని రాసిన రసీదు నకలు, లోడు పెట్టినప్పుడు, తీసినప్పుడు మీటరు చూపిన అంకెల ఫొటోలు.