మేడ మీద జర్మనీ అమ్మాయి, మా గేటు తాళం

సంపాదకులకి నమస్కారం,

పేపరుకి ఉత్తరం రాయడం నాకిదే మొదటిసారి, తప్పులుంటే దిద్దుకుని వేసుకోండి. మాది సికింద్రాబాద్ పద్మారావునగర్. పోయిన ఆగస్టు నుంచి మా మేడ మీద గదిలో ఒక జర్మనీ అమ్మాయి అద్దెకుంటోంది, పందొమ్మిదేళ్లు. స్కూలు చదువైపోయాక ఏడాదిపాటు వేరే దేశంలో వలంటీర్‌గా పనిచేసొచ్చే స్కీమ్ ఒకటి వాళ్ల గవర్నమెంటు 2008లో పెట్టింది, వెల్ట్‌వెర్ట్స్ అంటారు, దాని మీద వచ్చింది. ఇక్కడ ఒక సంస్థవాళ్ల హాస్టల్లో ఆడపిల్లలకి ఇంగ్లిష్ చెప్తుంది, హోంవర్క్ చేయిస్తుంది, పేలు కూడా చూస్తుంది, జడ వేయడం ఆ పిల్లలే నేర్పారట. చేతికొచ్చే పాకెట్ మనీ నెలకి వంద యూరోలు, మన పదివేలకి కాస్త అటూ ఇటూ.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న మా కాలనీ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు, ఫారినర్స్‌కి గదులిచ్చిన ఓనర్లు రాత్రి తొమ్మిదిన్నరకల్లా వాళ్లు లోపలుండేట్టు చూసుకోవాలట. కాలనీ మొత్తానికి ఉన్నదే ఒక్కతి, ఫారినర్స్ ఏంటో. దాని కింద ఒకాయన "పబ్ కల్చర్" అని రాసి దండం బొమ్మ పెట్టాడు.

పబ్ సంగతి కూడా చెప్తా వినండి. అక్టోబర్లో ఇంకో ఇద్దరు వలంటీర్లతో జూబ్లీహిల్స్ వెళ్లింది, గేటు దగ్గరే పాస్‌పోర్ట్ చూసి ఆపేశారు, మన దగ్గర 21 నిండందే మందు పోయరు కదా. వాళ్ల ఊళ్లో పదహారేళ్లకే బీరు తాగొచ్చట, ఇక్కడికొచ్చి చిన్నపిల్లనైపోయా ఆంటీ అని తొమ్మిదింటికే ఇంటికొచ్చి నా వంటింట్లో నిలబడి పెసరట్టు తింది. పబ్ కల్చర్ అంటే అదీ.

ఇదంతా మార్చిలో ఒక రాత్రి గురించి. రంజాన్ నెల, హాస్టల్లో వంట చేసే ఆవిడ వాళ్ల కూతుళ్లతో పాటు ఈ పిల్లని చార్మినార్ తీసుకెళ్లింది. హలీం తిని లాడ్ బజార్లో గాజులు చూస్తూ ఉండిపోయారు, ఈమె చేతికి ఏ లక్క గాజూ ఎక్కక షాపాయన నిప్పుల మీద వేడి చేసి సాగదీసి మరీ తొడిగాడట. అర్ధరాత్రి పన్నెండింటికి అక్కడ చంటిపిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లు బేరాలాడుతుంటారు, చూసినవాళ్లకి తెలుసు. కానీ ఎంజీబీఎస్‌లో చివరి మెట్రో పదకొండుకే వెళ్లిపోతుంది. ఆటోలవాళ్లు తెల్ల మొహం చూసి ఆరొందలు అన్నారు, యాప్‌లో బుక్ చేస్తే ఎక్కడికీ అని అడిగి కాన్సిల్ చేశారు, ఆఖరికి వంటావిడ కొడుకు స్కూటర్ మీద దింపేసరికి ఒంటిగంట దాటింది.

ఇక్కడ తప్పు నాది. రోజూలాగే పదిన్నరకి గేటుకి తాళం వేసి బీపీ మాత్ర వేసుకుని ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నా. ఈ పిల్లేమో బెల్లు కొడితే నాకు నిద్ర పాడవుతుందని గేటు బయట మెట్టు మీదే కూర్చుండిపోయింది, దోమల్లో. ఐదింటికి ముగ్గు వేద్దామని తలుపు తీస్తే మోకాళ్ల మీద తల పెట్టుకుని నిద్రపోతోంది, పక్కన కాగితంలో చుట్టిన గాజులు, నాకోసం. నా సైజు 2-8, తెచ్చింది 2-6. సరిగ్గా అప్పుడే ఎదురింటి బాల్కనీలో ఒకరు బట్టలారేస్తూ చూశారు, తెల్లవారుజామున ఇంటికొచ్చిందని వీధంతా చెప్పారు. అదే పెరిగి పెరిగి జూన్‌కల్లా అసోసియేషన్ రూలైంది.

ఆడపిల్ల కదా భయముండదా అంటారు. ఎందుకుండదు, ఉంటుంది. కానీ ఆమె మీద చెయ్యి పడింది పట్టపగలు నాలుగింటికి, ట్యాంక్‌బండ్ మీద. ఎవడో ఒకడు సెల్ఫీ అన్నాడు, సరే అంది, వాడు భుజం మీద చెయ్యేసి తియ్యలేదు. విదిలించుకుని వచ్చేస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారట. తొమ్మిదిన్నర రూలు దీనికేం చేస్తుందో నాకర్థం కాలేదు.

డబ్బు విషయానికొస్తే ఆమె దగ్గర మనం వదిలిందేమీ లేదు. హాస్టల్ పిల్లల్ని చార్మినార్ ఎక్కిద్దామని తీసుకెళ్తే పదిహేనేళ్ల లోపు వాళ్లకి ఫ్రీ, ఈమె ఒక్కదానికే మూడొందలు. సిటీ బస్సులో 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ ఆడవాళ్లం మాకందరికీ జీరో టికెట్టే, అంటే ఫ్రీ, ఈమెకి మాత్రం కండక్టర్ డబ్బులు తీసుకుని టికెట్ కొడతాడు. రూల్స్ అవి, నేనేం అనను. ఒకసారి నా పక్కన కూర్చున్న ముసలమ్మ మాత్రం ఊరుకోలేదు, "ఆ పోరి ఆడిది కాదాయె?" అని కండక్టర్ని నిలదీసింది, బస్సంతా నవ్వులు. పాపం ఈ పిల్ల టికెట్ మడిచి పర్సులో దాచుకుంది, అన్నీ దాస్తోంది, ఒక అట్టపెట్టె నిండిపోయింది.

ఇంకోమాట, ఆమె దిగిన 24 గంటల్లోపు ఫారం-సి, అంటే ఫారినర్‌కి ఇల్లిచ్చినవాళ్లు గవర్నమెంటుకి చెప్పే ఫారం, ఆన్‌లైన్‌లో నింపింది నేనే, మా అబ్బాయి పక్కన కూర్చుని చెప్తుంటే. పాస్‌పోర్ట్ నెంబర్, వీసా, ఎక్కణ్నుంచి వచ్చింది, ఎన్నాళ్లుంటుంది అన్నీ అడిగారు. రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరుతుందని ఏ కాలమ్‌లోనూ లేదు.

కాబట్టి అసోసియేషన్ వాళ్లకి మీ పేపరు ద్వారా చెప్తున్నా, ఎందుకంటే గ్రూపులో రాస్తే అడ్మిన్ తీసేస్తున్నాడు: ఆ రూలు మా గేటుకి వర్తించదు. అంత ఆరాటం ఉంటే పదకొండు తర్వాత పాతబస్తీ నుంచి ఇటువైపు రెండు బస్సులేయమని ఆర్టీసీకి అర్జీ పెట్టండి, మొదటి సంతకం నాదే. గేటు తాళానికి ఆ మర్నాడే డూప్లికేట్ చేయించి ఆమెకిచ్చా. వచ్చే నెల వెళ్లిపోతోంది, ఆమె గదిలోకే ఇంకో అమ్మాయి వస్తుందట, గది ఇస్తానని హాస్టల్ వాళ్లకి మాటిచ్చా. తాళంచెవి ఆ పిల్లకి మొదటిరోజే ఇస్తా.

ఇట్లు,
ఒక ఇంటి ఓనరు,
పద్మారావునగర్, సికింద్రాబాద్