కొత్త పెట్టలు గూటికి మరిగే దాకా

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

బడి తోటలో కోళ్ల గూడు సిద్ధమైంది. ఈ శనివారం ఎనిమిది గిరిరాజ పెట్టలు వస్తున్నాయి, నాలుగు నెలల వయసువి. ఈ జాతిని రూపొందించింది మన బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమే. సాయంత్రాలు వాటిని గూట్లోకి చేర్చే పనికి పేర్లిచ్చిన కుటుంబాల కోసం ఈ నెల లేఖ రాస్తున్నాను. మిద్దె మీద కోళ్లు పెంచుకునేవారికీ ఉపయోగపడుతుంది.

మీలో చాలామందిది అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు. దీపాలు పెట్టే వేళకి కోళ్లు వాటంతటవే గంప దగ్గరకి రావడం చిన్నప్పటి నుంచీ చూసి ఉంటారు. నాటుకోడి పిల్లలకి ఆ అలవాటు తల్లి వల్ల వస్తుంది. పొద్దు గూకితే తల్లి ఎటు నడిస్తే అవీ అటే. మనకొచ్చే పెట్టలు యంత్రంలో పొదిగినవి, షెడ్డులో ఊక మీద, బల్బు వెలుగులో పెరిగినవి. తల్లి వెంట నడిచినవి కావు. కర్ర ఎక్కి పడుకోవాలని వాటికి తెలియదు. ఆ తల్లి పని మొదటి పది రోజులు మనం చేయాలి.

మొదటి ఐదు రోజులు వాటిని బయటికి వదలం. గూడు, దానికి ఆనుకుని ఉన్న జాలీ ఆవరణ, అంతే. మేత, నీళ్లు అక్కడే. పిల్లలు జాలిపడి తలుపు తీయమంటారు, దయచేసి తీయకండి. ఇది తన చోటని కోడికి గుర్తుండిపోవడానికి ఆ రోజులు అవసరం. ఆరో రోజు సూర్యాస్తమయానికి గంట ముందు, అంటే 4:45 ప్రాంతంలో, సాయంత్రం మేత ఇంకా వేయకముందే వదులుతాం. ఆకలి మీదున్న కోడి దూరం పోదు. మర్నాడు రెండు గంటలు, ఆ తర్వాత మధ్యాహ్నం నుంచి.

ఇక అసలు సమయం అసురసంధ్య. కోడికి మసక వెలుతురులో చూపు ఆనదు. బయట ఇంకా కాస్త వెలుగుండి గూడు లోపల చీకటిగా ఉంటే ఏ కోడీ ఆ చీకట్లోకి అడుగుపెట్టదు. గుమ్మం దగ్గరే తచ్చాడి చివరికి ఏ చెట్టు కొమ్మో చూసుకుంటుంది. అందుకే లోపల ఒక చిన్న పసుపు బల్బు పెట్టాం. ఇప్పుడు, అంటే నవంబరులో, బెంగళూరులో సూర్యాస్తమయం దాదాపు 5:50కి. 5:30కి బల్బు వేయండి. డబ్బాలో గింజలు గలగలలాడిస్తూ పిలిచి, కోడికి ఇరవై గ్రాముల లెక్కన మొక్కజొన్న నూక గూడు లోపలే చల్లండి. రోజూ అదే డబ్బా, అదే పిలుపు. ఎనిమిదీ కర్రల మీద సర్దుకున్నాకే బల్బు తీయాలి. నేల మీద ఉండగా తీస్తే కర్ర కనబడక అక్కడే కూలబడతాయి, మూలకి చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. లేత పెట్టలు అలా ఊపిరాడక చనిపోవడమూ ఉంది. జులై మొదట్లో సూర్యాస్తమయం 6:50కి జరుగుతుంది కాబట్టి ఈ వేళలు ఏడాది పొడవునా ఒకటే కావని గుర్తుంచుకోండి.

మొదటి రాత్రులు ఎలాగూ కొన్ని నేల మీదే ఉండిపోతాయి. పూర్తిగా చీకటి పడ్డాక వెళ్లి, రెక్కలు ఒంటికి ఆనేలా రెండు చేతులతో పట్టుకుని ఎత్తండి. రొమ్ము కర్రకి తగిలేలా దించితే కాళ్లు అవే ముందుకు వేసి కర్రని పట్టుకుంటాయి. టార్చి వెలుగు కళ్లలో వేయొద్దు. కాళ్లు పట్టి తలకిందులుగా మోయడం మన ఊళ్లలో మామూలే కానీ, బడిలో అది వద్దు. వారం రోజుల్లో చాలావరకు సొంతంగా ఎక్కడం మొదలెడతాయి.

తోటలో ఏ కోడైనా మిగిలిపోతే దాని వెంట పరుగెత్తకండి. ఇదొక్కటి పిల్లలకి గట్టిగా చెప్పాలి. తరిమితే గూడంటేనే భయం పట్టుకుంటుంది, మర్నాడు ఇంకా దూరం పోతుంది. అరగంట ఆగితే చీకటికి ఎక్కడున్నది అక్కడే కదలకుండా కూర్చుంటుంది. అప్పుడు తీసుకురావడం తేలిక. రోజూ చెట్టెక్కే పెట్టకి ఒక పక్క రెక్కలో మాత్రమే పెద్ద ఈకలు కత్తిరిస్తే తూకం తప్పి ఎగరలేదు. కొత్తగా మొలుస్తున్న ఈకలో రక్తం ఉంటుంది, కాబట్టి ఆ పని పెద్దవాళ్లే చూసి చేయాలి.

కర్రల గురించి చాలామంది అడిగారు. రెండంగుళాల మందం సరుగుడు కర్రలు, అంచులు నున్నగా గీసినవి, ఐదడుగులవి రెండు పెట్టాం. కోడికి అడుగు చోటు సరిపోతుంది. ఇనుప గొట్టాలు జారతాయి, ఎండకి కాలతాయి. గిరిరాజ పెట్ట పెరిగితే మూడు కిలోలు దాటుతుంది కనుక నేల నుంచి అడుగున్నరే ఎత్తు. అంతకు మించితే దిగేటప్పుడు అరికాలికి దెబ్బ తగిలి పుండు పడుతుంది. రెండు కర్రలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. మెట్లలా పెడితే పై కర్ర కోసం కొట్లాటే. గుడ్ల పెట్టెలు కర్రల కన్నా కిందే ఉండాలి, ఎందుకంటే కోడి ఎత్తయిన చోటే పడుకోవాలని చూస్తుంది. అలా ఉన్నా కొన్ని పెట్టెల్లో దూరి పడుకుంటాయి, రాత్రంతా రెట్ట వేసి మురికి చేస్తాయి. అందుకని సాయంత్రం నాలుగున్నరకి వాటి ముందు అట్ట అడ్డం పెట్టి, పొద్దున్నే తీసేయండి.

అలవాటు పడ్డ కోళ్లు హఠాత్తుగా గూట్లోకి రాకపోతే ముందు కోళ్లకి పట్టే ఎర్ర నల్లుల్ని అనుమానించండి. పగలు కర్ర చివర్ల సందుల్లో దాక్కుని రాత్రి రక్తం పీలుస్తాయి. రాత్రి పూట తెల్ల గుడ్డతో కర్ర కింద భాగం తుడిస్తే ఎర్రటి మరకలు అంటుతాయి. వేసవిలో రేకు కప్పు సాయంత్రానికి కూడా సెగలు కక్కడం మరో కారణం. ఎలుక, పాము లోపలికి వచ్చి పోతున్నా అంతే.

ఇంట్లో పాత కోళ్లున్నవారు కొత్తవాటిని మూడు వారాలు వేరుగా ఉంచండి. కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా వేశారో లేదో అమ్మినవారిని అడగండి. తర్వాత ఓ వారం జాలీ అవతలి నుంచి చూసుకోనిచ్చి, రాత్రి పూట కర్ర మీద కలపండి. ఒంటరి పెట్టని కలపకండి, కనీసం రెండు.

తలుపు మూసే ముందు ఎనిమిదీ లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. గొళ్లెం వేసి కొక్కెం కూడా తగిలించండి. పునుగు పిల్లి, ముంగిస, వీధికుక్క మూడూ ఇక్కడ తిరుగుతాయి. పిల్లలు బూట్లు వేసుకోవాలి, గూటి కింద పెద్దవాళ్లు టార్చి వేసి చూశాకే దగ్గరికి రావాలి. వెళ్లే ముందు అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మొదటి వంతువారు శనివారం సాయంత్రం 5:15కల్లా తోట గేటు దగ్గరకి రండి. డబ్బా, నూక అక్కడే ఉంటాయి.

మీ ప్రధానోపాధ్యాయిని