కావలిలో చెప్పే అద్దె ఒకటి, కట్టేది ఇంకొకటి

సంపాదకుల వారికి,

కావలిలో ఇంటద్దెలు ఎందుకు పెరిగాయంటే అందరూ రామాయపట్నం వైపే వేలు చూపిస్తున్నారు. అందులో నిజం లేకపోలేదు. 2022లో అక్కడ పోర్టు పనులు మొదలయ్యాక కాంట్రాక్టర్లు తమ ఇంజినీర్లకు, సూపర్‌వైజర్లకు ఇక్కడ ఇళ్లు తీసుకున్నారు. అద్దె కంపెనీది కాబట్టి వాళ్లు బేరమాడరు. ఆ రేటే వీధి మొత్తానికీ రేటైపోతుంది. ట్రంకురోడ్డులో బట్టల షాపు గుమస్తా అయినా, ప్రైవేటు స్కూలు టీచరైనా అంతే కట్టాలి. ఇప్పుడు అక్కడికే రాబోయే బీపీసీఎల్ చమురు శుద్ధి కర్మాగారం (రిఫైనరీ) మాట కూడా తోడైంది. అద్దె పెంచడానికి అది వచ్చేదాకా ఎవరు ఆగుతున్నారు?

సరే, గిరాకీ ఉన్నచోట అద్దె పెరుగుతుంది. నా బాధ టు-లెట్ బోర్డులో కనబడని ఖర్చుల గురించి. వాటిలో మొదటిది కరెంటు. ఊళ్లో చాలా ఇళ్లలో నాలుగు పోర్షన్లకూ కలిపి ఒకటే సర్వీసు, అంటే ఒకటే కరెంటు కనెక్షన్. లోపల సబ్ మీటర్లు పెట్టి యూనిట్‌కు పది రూపాయల చొప్పున వసూలు చేస్తారు. నెలకు 90 యూనిట్లు కాల్చే కుటుంబాన్ని తీసుకోండి. ఇప్పటి శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, ఆపైన 75 వరకు రూ.3, తర్వాత 125 వరకు రూ.4.50. సొంత మీటరుంటే యూనిట్ల ఖర్చు దాదాపు రూ.260. సర్దుబాటు ఛార్జీలూ అవీ కలిపినా, సబ్ మీటరు మీద కట్టే రూ.900 దరిదాపుల్లోకి రాదు. నాలుగిళ్ల వాడకం ఒకే మీటరులో పడితే బిల్లు రూ.8.75 శ్లాబులోకి ఎక్కుతుందన్నదీ నిజమే. అలా ఎక్కడానికి కారణమే ఆ ఒక్క మీటరు. విడి సర్వీసులు తీసుకుంటే ఆ భారం ఎవరికీ ఉండదు.

ఓనర్లందరినీ ఒకే గాటన కట్టను. 2021 నుంచి ఇంటిపన్ను ఆస్తి విలువ మీద వేస్తున్నారు, ఏటా 15 శాతం దాకా పెరుగుతోంది. పై పోర్షన్ అద్దెతోనే మందులు కొనుక్కునే పెద్దవాళ్లూ మన ఊళ్లో ఉన్నారు. కానీ రాతకోతలు లేకపోవడాన్ని ఎలా సమర్థించాలి? అద్దెకిచ్చేటప్పుడు ఒప్పందం రాసుకోవాలని 2017లో రాష్ట్రం చట్టమే చేసింది. ఇక్కడ ఎక్కువ ఇళ్లు నోటిమాట మీదే నడుస్తున్నాయి. దాంతో ఖాళీ చేసే రోజున అడ్వాన్సులో రంగులకని ఒక నెల అద్దె కోసేస్తారు, అడగడానికి చేతిలో కాగితం ఉండదు. రసీదు సంగతి మరీ విచిత్రం. ఏడాది అద్దె లక్ష దాటితే ఉద్యోగి హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోసం ఓనరు పాన్ నంబరు చూపాలి. అందుకని నెలకు రూ.8,300కే రసీదు రాసి, మిగతాది చేతికివ్వమంటారు.

విద్యుత్ శాఖ, మున్సిపాలిటీ కలిసి చేయగల పని ఒకటుంది. అద్దె పోర్షన్లున్న ఇళ్లను గుర్తించి పోర్షన్‌కో సర్వీసు ఇవ్వాలి. ఆ దరఖాస్తుతోనే అద్దె ఒప్పందం కాపీ అడగాలి. పట్టణ పేదలకని ప్రభుత్వం కట్టించిన 300, 365, 430 చదరపు అడుగుల టిడ్కో ఇళ్లలో ఇంకా ఖాళీగా ఉన్నవాటిని నీళ్లు, బస్సు సౌకర్యంతో లబ్ధిదారులకు అప్పగిస్తే, ఆ మేరకు చిన్న పోర్షన్లకు పోటీ తగ్గుతుంది. పోర్టు కంపెనీలు కూడా తమ సిబ్బందికి పని దగ్గరే క్వార్టర్లు కట్టుకోవాలని అధికారులు గట్టిగా అడగాలి.

ఇట్లు
ఒక అద్దెదారు, కావలి