ముందు చేను చూడాలి, తర్వాతే డ్రోన్ ఎగరాలి: మన రైతు సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సంఘం చేసిన పనులను మీ ముందు ఉంచుతున్నాను. జమాఖర్చుల పట్టిక ఆడిట్ పూర్తయ్యాక ఆఫీసు గోడకు అంటించాం. కావాల్సినవాళ్లు కాపీ తీసుకోవచ్చు కాబట్టి ఇక్కడ ఆ అంకెల జోలికి వెళ్లడం లేదు. విత్తనాల కొనుగోలు, భూసార పరీక్షలకు మట్టి నమూనాలు పంపడం, పంట బీమా దరఖాస్తులు నింపిపెట్టడం ఎప్పటిలాగే సాగాయి. ఈ ఏడాది కమిటీ ఎక్కువ శ్రమ పెట్టింది డ్రోన్లు, సెన్సార్ల శిక్షణ మీద. ఈ నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే.

ఏడాది ఎలా గడిచిందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. అంతకుముందు సంవత్సరం సాగర్‌లో నీళ్లు లేక కుడి కాలువ కింద చేలు బీడు పెట్టుకున్నాం. 2024 ఆగస్టులో గేట్లు ఎత్తేసరికి అందరికీ ప్రాణం లేచొచ్చింది. సెప్టెంబరు మొదట్లో కుండపోత వానలు పడి పల్లపు చేలల్లో నీళ్లు నిలిచి పత్తి, మిర్చి ఉరకెత్తాయి. ఎలాగో తట్టుకుని కోతల దాకా వస్తే గుంటూరు యార్డులో మిర్చి ధర పడిపోయింది. చివరికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ధర మన చేతుల్లో లేదు. మందుల ఖర్చు మాత్రం కొంతైనా మన చేతుల్లో ఉంది. మిర్చిలో కూలి తర్వాత ఎక్కువ డబ్బు పోయేది మందులకే. శిక్షణకు ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి మొదటి కారణం అదే.

రెండో కారణం మందు కొట్టే మనిషి. 2017లో మహారాష్ట్రలోని యావత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ, ఆ గాలి పీల్చి ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. మన దగ్గర అంత ఘోరం జరగలేదు గానీ, మందు కొట్టొచ్చి రాత్రంతా వాంతులు చేసుకున్నవాళ్లు, కళ్లు మండి నిద్రపట్టనివాళ్లు లేని ఊరు లేదు. ముక్కుకు తువాలు కట్టుకుని, లుంగీ ఎగ్గట్టి, చెప్పులు లేకుండా మనిషెత్తు పత్తిలో తైవాన్ స్ప్రేయర్ మోసే మనిషికి జరిగే నష్టాన్ని ఇన్నేళ్లూ ఎవరూ లెక్క రాయలేదు. ఆ మనిషిని ఆ చేలోంచి గట్టు మీదికి తెచ్చే పనిముట్టు ఏదొచ్చినా దాన్ని నేర్చుకోవడం మన బాధ్యత అని కమిటీ నమ్మింది.

అక్టోబరులో అమరావతి డ్రోన్ సమ్మిట్ సందర్భంగా విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర 5,500కు పైగా డ్రోన్లతో జరిపిన ప్రదర్శనను మన సభ్యులు కొందరు వెళ్లి చూసొచ్చారు. కన్నులపండువగా ఉందన్నారు. ఆ ఉత్సాహంతోనే శిక్షణకు పేర్లిచ్చినవాళ్లు ఎక్కువయ్యారు. కానీ మన చేలో తిరిగే డ్రోన్ పని వేరు. అది ఆకాశంలో కాదు, పైరు మీద రెండు మూడు మీటర్ల ఎత్తున తిరుగుతుంది. దానికి అడ్డొచ్చేవి కరెంటు తీగలు, గట్టు మీది తాటిచెట్లు, ఉన్నట్టుండి మారే గాలి.

చేలో నేర్పిన పాఠాలు

తరగతులు గదిలో తక్కువ, చేలో ఎక్కువ పెట్టాం. మొదటి పాఠం నీళ్ల లెక్క. మిర్చి ఏపుగా ఉన్నప్పుడు మామూలు స్ప్రేయర్‌తో ఎకరాకు 150 నుంచి 200 లీటర్ల నీళ్లు పడతాయి. పది లీటర్ల ట్యాంకు ఉన్న డ్రోన్ అదే ఎకరాన్ని ఒక్క ట్యాంకుతో, పది నిమిషాల లోపే ముగిస్తుంది. వినగానే అందరి ముఖాలూ వెలిగాయి. ఆ వెంటనే రెండో సంగతి చెప్పాం: ఎకరాకు మందు మోతాదు మారదు, తగ్గేది నీళ్లే. అంటే ట్యాంకులో ఉన్న ద్రావణం మనం ఇన్నాళ్లూ కలిపినదానికన్నా పదిహేను ఇరవై రెట్లు చిక్కన. డ్రోన్ ఒకే సాలు మీద రెండుసార్లు తిరిగితే ఆకు మాడిపోవచ్చు. పొడి మందు సరిగ్గా కరగకపోతే నాజిల్ మూసుకుపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇప్పుడు ప్రమాదం ఎక్కువగా ఉన్నది మందు కలిపే మనిషికి. రిమోట్ పట్టుకున్న మనిషి దూరంగా నిలబడతాడు, కలిపే మనిషి చేతులు మాత్రం చిక్కటి మందుకు దగ్గరగా ఉంటాయి. చేతి తొడుగులు, కళ్లద్దాలు, మాస్కు లేకుండా ఎవరినీ డబ్బా మూత కూడా తియ్యనివ్వలేదు. డబ్బా మీది త్రికోణం రంగు చూసి విషం తీవ్రత పోల్చుకోవడం కూడా అక్కడే నేర్పాం. ఎరుపు అన్నిటికన్నా తీవ్రం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ.

అందరికీ బాగా గుర్తుండిపోయింది పసుపు కాగితాల పాఠం. నీటి చుక్క పడితే ఆ చోట ముదురు నీలంగా మారే కాగితాలు దొరుకుతాయి. వాటిని చిన్న ముక్కలు చేసి, మిర్చి మొక్క చిటారున ఒకటి, నడిమి కొమ్మలో ఒకటి, మొదలు దగ్గర ఒకటి, ఆకు అడుగున ఒకటి క్లిప్పులతో తగిలించాం. ట్యాంకులో వట్టి నీళ్లు పోసి డ్రోన్ తిప్పాం. పై కాగితం నిండా సన్నటి నీలం చుక్కలు. నడిమి కాగితం మీద కాస్త పలచన. మొదలు దగ్గర అక్కడక్కడా. ఆకు అడుగున పెట్టిన ముక్క దాదాపు పసుపుగానే ఉంది. ఎత్తు కొంచెం తగ్గించి, వేగం తగ్గించి మళ్లీ తిప్పితే రెక్కల గాలికి ఆకులు తిరగబడి అడుగు కాగితం మీద కూడా కొన్ని చుక్కలు పడ్డాయి. ఆ కాగితాలు చేతులు మారుతుంటే ఒక పెద్దాయన, "అయితే నల్లి ఉన్నప్పుడు దీన్ని నమ్ముకుని కూచోకూడదన్నమాట" అన్నారు. ఆకు అడుగున ఉండే పురుగు విషయంలో అదే నిజం. 2021–22లో మన మిర్చిని ఊడ్చిపెట్టిన నల్ల తామర పురుగు పూలలో దాక్కుంటుంది. దానికి పైపైన పడే మందు చాలదు. అదే, ఎత్తు పెరిగిన మొక్కజొన్నలో అయితే కత్తెర పురుగు ఆకుల సుడిలో ఉంటుంది. పైనుంచి దిగే చుక్క సుడిలోకి జారుతుంది, మనిషి ఆ చేలోకి దూరే పని తప్పుతుంది. కాబట్టి ఏ పంటకు, ఏ పురుగుకు, ఏ దశలో డ్రోన్ పనికొస్తుందో తెలిశాకే దాన్ని పిలవాలి.

గాలి గురించి గట్టిగా చెప్పాం. ఉదయం, సాయంత్రం తప్ప మిట్టమధ్యాహ్నం ఎగరేయకూడదు. కలుపు మందుల విషయంలో మరీ జాగ్రత్త. 2,4-డి లాంటి మందు కాస్త గాలికి కొట్టుకొచ్చినా పక్క చేలో పత్తి ఆకులు ముడుచుకుపోతాయి. గట్టు తగాదాలు మనకు కొత్త కాదు, ఆకాశంలోంచి ఇంకో తగాదా తెచ్చుకోవద్దు. అందుకే పత్తి చేలు ఆనుకుని ఉన్న చోట డ్రోన్‌తో కలుపు మందు కొట్టం అని కమిటీ తీర్మానించింది. ముందురోజు సాయంత్రం ఊళ్లో మైకులో చెప్పించడం, తేనెపెట్టెలు పెట్టుకున్నవాళ్లకు విడిగా కబురు పెట్టడం కూడా ఆ తీర్మానంలోనే ఉన్నాయి.

చేను చూడనిదే బుకింగ్ లేదు

ముందు చేను చూసి చీటీ తెస్తేనే సంఘం డ్రోన్ అద్దెకు ఇస్తామన్న నియమం మీద సభ్యుల్లో కొంత అసంతృప్తి ఉంది. అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఇదివరకు మందు కొట్టాలంటే మనుషులు దొరకాలి, నీళ్ల డ్రమ్ములు మోయించాలి, రోజంతా పోతుంది. ఆ శ్రమకు భయపడి అయినా ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాళ్లం. డ్రోన్ వచ్చాక ఎకరాకు 300 నుంచి 500 రూపాయలిస్తే పొద్దున్న టీ తాగేలోపు పని అయిపోతుంది. కొట్టడం ఇంత తేలికైతే అవసరం లేకపోయినా కొట్టిస్తాం. మందు షాపులో అరువు ఎటూ దొరుకుతుంది. ఎక్కువ మందు వేస్తే పురుగుకు దాన్ని తట్టుకునే శక్తి పెరగడం, మిత్రపురుగులు చావడం, కాయలో మందు అవశేషాలు మిగిలి ఎగుమతి సరుకు వెనక్కి రావడం మనం చూస్తూనే ఉన్నాం. ఖర్చు తగ్గించడానికి తెచ్చుకున్న యంత్రం ఖర్చు పెంచే యంత్రం కాకూడదన్నదే కమిటీ పట్టుదల.

అందుకని సంఘం ద్వారా డ్రోన్ కావాలంటే ముందు చేను చూసి రాసిన చీటీ తేవాలి. పత్తిలో అయితే మగ పురుగులను వాసనతో రప్పించే లింగాకర్షక బుట్టలో గులాబీ రంగు పురుగు రెక్కల పురుగులు వరుసగా మూడు రాత్రులు 8 చొప్పున పడ్డాయా? మిర్చిలో అయితే నీలం జిగురు అట్టల మీద ఏముంది, పూలు దులిపితే ఏం రాలింది? చూడటం రానివాళ్లకు మన శిక్షణ పొందిన కుర్రాళ్లు వచ్చి చూపిస్తారు, దానికి డబ్బులేం తీసుకోరు. చీటీ అడిగినందుకు కోపగించుకుని బయట డ్రోన్ పెట్టించుకున్నవాళ్లున్నారు. వాళ్లూ మన సభ్యులే. మళ్లీ రండి, చేలో నిలబడి మాట్లాడుకుందాం. నియమాన్ని మాత్రం సడలించం.

సెన్సార్లు

సెన్సార్ అనగానే ఖరీదైన పెట్టె, సెల్‌ఫోన్ యాప్ అనుకుని చాలామంది మొదట ఈ తరగతులకు రాలేదు. మేం మొదలుపెట్టింది గొట్టం ముక్కతో. 30 సెంటీమీటర్ల పైపు ముక్కకు కింది సగం రంధ్రాలు వేసి, 15 సెంటీమీటర్లు మట్టిలోకి దిగేలా వరి చేలో పాతాలి. లోపలి మట్టి తీసేస్తే పైపులో నీటి మట్టం కనబడుతుంది. మట్టికి 15 సెంటీమీటర్ల కిందికి నీళ్లు దిగేవరకు మళ్లీ తడి పెట్టక్కర్లేదు. పూత దశలో మాత్రం నీళ్లు నిలపాలి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతికి ఒక్క రూపాయి యంత్రం అక్కర్లేదు. కాలువ చివరి చేలవాళ్లకు నీళ్లు అందాలంటే ముందు చేలవాళ్లు ఇది పాటించాలి. ఈ మాట కొందరికి నచ్చకపోయినా చెప్పక తప్పదు.

తర్వాత కోయంబత్తూరు చెరకు ప్రజనన సంస్థ రూపొందించిన తేమ సూచిక చూపించాం. కడ్డీలు మట్టిలో గుచ్చితే లైటు వెలుగుతుంది. నీలం వెలిగితే తేమ దండిగా ఉన్నట్టు, ఆకుపచ్చ అయితే సరిపడా ఉన్నట్టు, ఎరుపు వస్తే వెంటనే తడి పెట్టాలని. చదువురానివాళ్లు కూడా వాడగలిగిన పనిముట్టు ఇది. డ్రిప్ కింద మిర్చి వేసిన ఒక మహిళా కౌలు రైతు దాన్ని మొక్క మొదట్లో, రెండు సాళ్ల మధ్యన, గట్టు పక్కన గుచ్చి చూసి, "ఇక్కడ చాలు, అక్కడ చాల్లేదు, మరి మోటారు ఎవరి కోసం వెయ్యాలి?" అని అడిగింది. ఆ ప్రశ్న మీదే మిగతా పూటంతా గడిచింది. సెన్సార్ ఎక్కడ పెట్టాలన్నదే అసలు పాఠమని ఆమె వల్ల అందరికీ అర్థమైంది. మన నల్లరేగడిలో ఇంకో చిక్కుంది. నేల ఎండి నెర్రెలు విచ్చితే కడ్డీకీ మట్టికీ మధ్య ఖాళీ ఏర్పడి, లోపల పదును ఉన్నా పొడిగా చూపిస్తుంది. అందుకే సెన్సార్ చెప్పినదాన్ని పిడికెడు మట్టి చేతిలో నలిపి సరిచూసుకోమని నేర్పాం.

పైలట్లు ఎవరు?

2021 డ్రోన్ నియమాల ప్రకారం మందు కొట్టే డ్రోన్ నడపాలంటే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ అనుమతి ఉన్న సంస్థలో శిక్షణ పొంది పైలట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. వయసు 18 నుంచి 65 లోపు, చదువు పదో తరగతి పాస్. గుంటూరు దగ్గర లాంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనే ఈ శిక్షణ ఉండటం మనకు కలిసొచ్చింది.

ఎవరిని పంపాలన్న దాని మీద కమిటీలో పెద్ద చర్చే జరిగింది. డ్రోన్ వస్తే మొదట పని పోయేది కూలికి మందు కొట్టేవాళ్లకు. ఏ చేలో గాలి ఎటు తిరుగుతుందో, ఏ మూల తీగలున్నాయో వాళ్లకు తెలిసినంతగా భూమి ఉన్నవాళ్లకు కూడా తెలియదు. కాబట్టి మొదటి అవకాశం వాళ్లకే అని నిర్ణయించాం. అడ్డొచ్చింది పదో తరగతి. బడి మధ్యలో మానేసిన కుర్రాళ్ల చేత ఓపెన్ టెన్త్‌కు కట్టించాం. పగలు చేలో పని, రాత్రి లెక్కలు, ఇంగ్లీషు. పాఠాలు చెప్పిన రిటైర్డు మాస్టారికి సంఘం తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పరీక్ష పాసయ్యేదాకా ఆ కుర్రాళ్లు మందు కలపడం, బ్యాటరీలు చూసుకోవడం, చేను హద్దులు గుర్తించడం చేస్తున్నారు, కూలి ఎప్పటిలాగే ఇస్తున్నాం. దిగిన వెంటనే వేడి మీదున్న బ్యాటరీని ఛార్జింగ్ పెట్టకూడదని, ఉబ్బినదాన్ని పక్కన పెట్టేయాలని ఇప్పుడు వాళ్లే కొత్తవాళ్లకు చెబుతున్నారు.

డ్వాక్రా సంఘాల ఆడవాళ్ల కోసం కేంద్రం 2023 చివర్లో ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకంలో డ్రోన్ ధరలో 80 శాతం వరకు, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల సాయం ఉంది. 15 రోజుల శిక్షణలో 5 రోజులు పైలట్ పాఠాలు, మిగతా రోజులు సాగు పనులు. మన ఊళ్ల పొదుపు సంఘాల దరఖాస్తులకు కావాల్సిన కాగితాలన్నీ సిద్ధం చేసి పంపించాం, జవాబు కోసం చూస్తున్నాం. కౌలు రైతులకు మాత్రం రాయితీల దగ్గర కౌలు గుర్తింపు కార్డు లేదన్న అడ్డంకి అలాగే ఉంది. సంఘం అద్దె డ్రోన్ విషయంలో కౌలు రైతుకూ సొంత రైతుకూ ఒకే ధర, ఒకే వరుస.

సర్వసభ్య సమావేశం ముందుకు వచ్చే అంశాలు మూడు. డ్రోన్‌కు రెండో జత బ్యాటరీలు కొనడం, కాలువ చివరి చేలల్లో వరి గొట్టాలు సంఘం ఖర్చుతో పాతించడం, ఖాళీ మందు డబ్బాలు ఊరి బయట ఒకచోట పోగేసి సురక్షితంగా పంపే ఏర్పాటు చేయడం. మూడో అంశం మీద కమిటీలో ఇంకా ఏకాభిప్రాయం రాలేదు, చోటు ఎక్కడన్నదే తగువు. సమావేశానికి వచ్చేటప్పుడు మీ చేను సర్వే నంబరు, పక్క చేలల్లో వేయబోయే పంటల వివరాలు తీసుకురండి. ఖరీఫ్ డ్రోన్ వరుస అక్కడే ఖాయం చేస్తాం.

ఇట్లు,
కార్యదర్శి