తాడు పట్టిన పెద్దాయనకు

బెంగళూరు మారతహళ్లిలో మా పర్వతారోహణ క్లబ్బు జరిపిన ఎవరెస్ట్ దినోత్సవానికి వచ్చి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన పెద్దాయనకు నమస్కారం.

టెన్సింగ్, హిల్లరీ శిఖరం చేరింది 1953 మే 29న. అందుకే ఏటా ఆ రోజే మా పండగ, ఆ రోజే చందాలు. ఈసారి ప్రభుత్వ బడి పిల్లలను రామనగర బండల మీదికి తీసుకెళ్లడానికి బూట్లు, హెల్మెట్లు కొనాలి. పులిహోర, మిర్చిబజ్జీల అమ్మకం మాకు కొత్త కాదు. ఎక్కే గోడ దగ్గర, పైకెక్కేవాళ్లు పడిపోకుండా కింద తాడు పట్టడానికే మనుషులు చాలలేదు.

మీరొచ్చి తాడందుకున్నారు. ఒక్కొక్కరి నడుం పట్టీ లాగి చూశారు, ఎనిమిదంకె ముడి సరిగ్గా పడిందో లేదో వేళ్లతో తడిమారు, కారబినర్ (తాడు తగిలించే కొక్కెం) మర బిగిసేదాకా ‘ఎక్కు’ అనలేదు. మా కుర్రాళ్లకు అది చాదస్తంగా అనిపించిందట. అనిపించనీండి, గోడ దగ్గర నాకు కావలసింది ఆ చాదస్తమే! సగంలో బిక్కచచ్చిపోయిన పాపకు కింది నుంచే మాలావత్ పూర్ణ సంగతి చెప్పారు: 2014లో, 13 ఏళ్లకే ఎవరెస్టెక్కిన నిజామాబాద్ జిల్లా పిల్ల. పాప పైదాకా వెళ్లింది.

భోజనానికి పిలుద్దామని చూసేసరికి మీరు లేరు. డబ్బు సరిపడా వచ్చిందండీ, సామాన్లకు ఆర్డరిచ్చాం. వీలైతే రామనగరకూ రండి. తాడు ఆ తాతే పట్టాలని పిల్లలు పట్టుబడుతున్నారు.